మూడు లెక్కపెట్టాక

ఏప్రిల్ 22

పిన్నీ,

నీ కార్డు అందింది. "సరుకు క్షేమంగా దిగింది, ఎక్కడా సొట్టపడలేదు" అని రాశావు. ఎనిమిదేళ్ల పిల్లని పట్టుకుని సరుకంటావా? ఆయన మాత్రం కార్డు చదివి పడీ పడీ నవ్వారు. లిఫ్టులు బాగుచేసే మనిషికి సొట్టలంటే అంత నవ్వెందుకో.

ఇవన్నీ ఫోన్లో చెప్పేస్తే ఐదు నిమిషాల్లో అయిపోయేది. కానీ చెవి దగ్గర పెట్టుకుంటే కుయ్యిమంటోందని నువ్వు ఫోను బీరువాలో పడేశావు కదా. ముప్పై ఒక్క ఏళ్లు స్టేషన్లో మైకు ముందు కూర్చుని రైళ్ల రాకపోకలు చెప్పిన చెవులవి, వాటిని నేనేమీ అనను. అందుకే కాగితం తీశాను. మధ్యలో వదిలేయకుండా చివరిదాకా చదువు.

బడి సంగతి నీకు సగమే చెప్పాను. ఒక్కచోట నిలవదని మేం బొంగరం అని పిలుచుకునే ఆ పిల్ల, క్లాసులో ప్రశ్న పూర్తికాకముందే జవాబు అరిచేస్తోంది. మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోయి సగం ఎవరికీ అర్థం కావు. పిల్లలు నవ్వుతారు. నవ్వితే దీనికి ఒళ్లు మండుతుంది. మార్చిలో పెన్సిల్ పెట్టె విసిరితే పక్క బెంచీ అమ్మాయి కనుబొమ్మ చిట్లింది. పెద్ద టీచరుగారు నన్ను పిలిపించారు. కేకలేమీ వేయలేదు, మెల్లగానే చెప్పారు. జూన్ పన్నెండున దీన్ని తన గదిలో కూర్చోబెట్టి పావుగంట మాట్లాడతారట. కుదురుగా కూర్చుని, అడిగినదానికి అర్థమయ్యేలా చెబితే మూడో తరగతి. లేకపోతే మళ్లీ రెండో తరగతే. దాని స్నేహితులంతా పైకి వెళ్లిపోతారు, ఇది చిన్నపిల్లల బెంచీలో మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటుంది. 

అందుకని రెండు ఆదివారాలు ఒక తరగతికి వెళ్లొచ్చాను. పిల్లలకి ధ్యానం ఎలా అలవాటు చెయ్యాలో చెప్పారు. అక్కడ రాసుకున్నదంతా ఒక పట్టికగా వేసి దాని బట్టల పెట్టె మూత లోపల అంటించాను, చూసే ఉంటావు. పొద్దున్న ఏడింటికి పది నిమిషాలు కళ్లు మూసుకుని ఊపిరి లెక్కపెట్టడం. మధ్యాహ్నం భోజనానికి ముందు ఒక నిమిషం మౌనం. సాయంత్రం ఆరున్నరకి కిటికీ దగ్గర ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవడం. పడుకోబోయే ముందు ఇంకో ఐదు. రోజూ ఒకే వేళకి జరగాలి, అది ముఖ్యం.

మేమిద్దరం పనులకి పోతే ఇంట్లో దాన్ని చూసేవాళ్లు లేరు, ఉన్నా ఇవన్నీ చేయించరు. నువ్వు చేయిస్తావు. మా కట్టుడుపళ్ల ల్యాబ్‌లో నీ పైపళ్ల సెట్టుకి కొత్త అచ్చు పోశాను. పాతది నవ్వినప్పుడల్లా టకటకమంటోందన్నావుగా.

దాన్ని కాస్త నెమ్మదించు పిన్నీ. నిన్నే నమ్ముకున్నాను.

నీ అక్క కూతురు

&nbsp;

ఏప్రిల్ 28

ఏమే అమ్మడూ,

పట్టిక చూశాను. ఎవరు వేశారోగానీ శుభ్రంగా ఉంది. ఏడింటికి ఒకటి, పన్నెండున్నరకి ఒకటి, ఆరున్నరకి ఒకటి, ఎనిమిదింటికి ఒకటి. ఆదివారాలు మా స్టేషన్లో ఇన్ని బళ్లు ఆగేవి కావు.

ఇంక అసలు సంగతి. మొదటిరోజు ఏడింటికి చాప వేసి ఎదురెదురుగా కూర్చున్నాం. ఇప్పుడు మౌనం అన్నాను. "ఎవరి మీద?" అని అడిగింది. నీ పట్టికలో ఊపిరి అని ఉంది కదా, ఊపిరి మీద అన్నాను. అదేదో విచిత్రంగా చూసింది గానీ కళ్లు మూసుకుంది. గోడగడియారం ప్రకారం పదకొండు సెకన్లు. పన్నెండోదానికి, చీమలు పడుకునేటప్పుడు కళ్లు మూసుకుంటాయా అని అడిగింది. నిజం చెప్పొద్దూ, నాకూ తెలుసుకోవాలనిపించింది. ఎనిమిదిదాకా చీమల గురించే మాట్లాడుకున్నాం. ఆ విధంగా ఏడు గంటల మౌనం రద్దయింది.

రెండోరోజు పాలు పొంగి పొయ్యి తుడిచేసరికి ఏడూ ఇరవై అయింది. నాకు నోరు ఊరుకోలేదు. నడవలో నిలబడి, పాత గొంతు తీసి, "దయచేసి వినండి. ఏడు గంటలకు బయలుదేరవలసిన మౌనం ఇరవై నిమిషములు ఆలస్యముగా నడుచుచున్నది. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అన్నాను. మీ బొంగరం నేలమీద పడి దొర్లింది. ఇంకోసారి అనమంది. ఇంకోసారి అన్నాను. తర్వాత అది అంది. పిల్లకి గొంతుందే, మా ఆఫీసులో ఉండి ఉంటే నాకు పోటీ అయ్యేది.

సరే మొదలుపెట్టాం కదా అని అటక మీంచి ప్రకటనకి ముందు కొట్టే గంట దింపాను. గుర్తుందా, మూడు ఇత్తడి పలకలు, చిన్న కొయ్య సుత్తి. రికార్డు చేసిన గొంతు వచ్చాక మాకు పనిలేకపోతే, దాన్ని మాత్రం నాకు ఇచ్చి పంపించారు. ఎలా కొట్టాలో నేర్పాను. కొట్టగానే మాట్లాడకూడదు, మనసులో మూడు లెక్కపెట్టాలి. గంట మోత గోడలకి తగిలి తిరిగొస్తుంది, అది అణిగాకే మాట. తొందరపడితే మొదటిమాట ఎవరికీ వినపడదు, మనుషులు ఎక్కకూడని బండి ఎక్కేస్తారు. కొత్తలో నావల్ల ఒక పెళ్లివారు మొత్తం వేరే ఊరు వెళ్లిపోయారు. ఆ కథ బొంగరం నాలుగుసార్లు చెప్పించుకుంది.

ఇప్పుడు నాలుగు బళ్లూ గంటకొట్టే బయలుదేరుతున్నాయి. మౌనం మాత్రం యాభై సెకన్లు దాటలేదు, అదీ ఒక కన్ను తెరిచి. నాది ఇంకా తక్కువ.

పళ్లు కాస్త తెల్లగా వెయ్యి.

మీ పిన్ని, ప్రకటనల విభాగం

&nbsp;

మే 3

పిన్నీ,

నీ ఉత్తరం ల్యాబ్‌లో మధ్యాహ్నం చదివాను. పక్క బల్ల దగ్గర పళ్లు నునుపుచేసే అమ్మాయికి చీమల ముక్క చదివి వినిపిస్తే తెగ నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత గోడ మీద క్యాలెండర్ చూశాను. జూన్ పన్నెండుకి నలభై రోజులే ఉంది.

పిన్నీ, ఇది రైళ్ల ఆట కాదు. పెద్ద టీచరుగారు ప్లాట్‌ఫారం మీద ప్రయాణికురాలు కాదు. దాని నోటికి ఇప్పటికే అడ్డూఆపూ లేదు, నువ్వు దానికి మైకు చేతికిచ్చావు. పొరపాటున అక్కడికి వెళ్లి "దయచేసి వినండి" అందనుకో, ఇంక అంతే సంగతులు. దయచేసి ప్రకటనలు ఆపు. గంట అటక ఎక్కించు. మౌనమంటే మౌనంలా ఉండనీ.

నీకు అన్నీ తమాషాగానే ఉంటాయి. నువ్వు పిల్లల్ని పెంచినదానివి కాదు, నీకు తెలీదు. రేపు అది రెండో తరగతిలో మిగిలిపోతే రోజూ ఆ ముఖం చూడాల్సింది నేను.

పట్టిక ప్రకారం చెయ్యి, చాలు.

ఉంటాను

&nbsp;

మే 8

అమ్మడూ,

ఉత్తరం అందింది. గంట అటక ఎక్కింది. ప్రకటనలు లేవు.

అంతా నీ పట్టిక ప్రకారమే నడుస్తోంది. సోమవారం మౌనం ఆరు నిమిషాలు. మంగళవారం పదిహేను. నిన్న సాయంత్రం నలభై నిమిషాలు. గడియారం చూసే రాస్తున్నాను. చెప్పుల స్టాండు పక్కన గోడకి ఆనుకుని కదలకుండా కూర్చుంది. నీళ్లు కావాలా అంటే తల అడ్డంగా ఊపింది. నీ తరగతివాళ్లు పదే చెప్పారు, ఇక్కడ నలభై వచ్చింది.

నాకు తెలీదుగానీ, పిల్లల్ని పెంచినవాళ్లకి ఇది సంతోషంగానే ఉండాలి.

పళ్ల సెట్టుకి తొందరలేదు. ఇక్కడ మాట్లాడే పనేమీ పడటం లేదు.

మీ పిన్ని

&nbsp;

మే 11

పిన్నీ,

నలభై నిమిషాలేమిటి?

అది కడుపులో ఉన్నప్పుడు కూడా నలభై నిమిషాలు ఊరుకున్నది కాదు. జ్వరమేమైనా వచ్చిందా? నుదురు చూశావా, చెవి వెనకాల చూశావా? దానికి చెవి వెనకే ముందు కాలుతుంది. తింటోందా? ఎవరైనా ఏమైనా అన్నారా? నువ్వేమీ కసరలేదు కదా? గదిలో పెట్టి తలుపు వెయ్యలేదు కదా? ఇలా అడిగినందుకు ఏమనుకోకు. నాకు బుర్ర పనిచెయ్యడం లేదు. నిన్న ఒకాయన కిందిపళ్లకి పైపళ్ల రంగు వేసేశాను.

నెమ్మదిగా కూర్చోవాలని నేనే అన్నాను. ఇలా అని కాదు. కళ్లు మూసుకుని హాయిగా కూర్చోవాలి, ముఖం తేటగా ఉండాలి. తరగతిలో బొమ్మలు చూపించారు. చెప్పుల స్టాండు పక్కన కాదు.

శనివారం సెలవు పెట్టి వచ్చేస్తాను. ఆయనకి ఇంకా చెప్పలేదు. గురువారం నుంచి మేం మాట్లాడుకోవడం లేదులే, కర్టెన్ కడ్డీ విషయం. రెండు నెలల్నుంచి బిగించమంటున్నాను. ఊరంతా లిఫ్టులు ఎక్కించి దింపే మనిషికి మా ఇంట్లో రెండు మేకులు కొట్టే తీరిక లేదు. పోయి చెప్పడానికి బొంగరం కూడా ఇంట్లో లేదు, అందుకని ఈసారి ఇలా సాగుతోంది. నువ్వు అవేవీ పట్టించుకోకు.

వెంటనే రాయి. కార్డు ముక్క చాలు.

నీ అక్క కూతురు

&nbsp;

మే 16

అమ్మడూ,

రావద్దు. జ్వరం లేదు, చెవి వెనక కూడా చూశాను. తింటోంది. నిన్న నా వాటాలోది కూడా తింది.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. నేను అలిగాను. పిల్లల్ని పెంచినదానివి కాదని నువ్వు రాసిన ముక్క నాకు చేపముల్లులా గుచ్చుకుంది. నాలుగు రోజులు మూతి బిగించుకుని తిరిగాను. గిన్నెలు కాస్త గట్టిగా పెట్టాను. తలుపులు కాస్త గట్టిగా వేశాను. పిల్లని ఒక్కమాట అనలేదు, ఒట్టు. అసలు ఏ మాటా అనలేదు, గొడవంతా అక్కడే వచ్చింది.

శుక్రవారం అది చెప్పుల స్టాండు దగ్గర్నుంచి లేచి నా దగ్గరికి వచ్చింది. కాళ్లకి చెప్పులు తొడుక్కుని ఉంది. "అమ్మమ్మా, నువ్వు అమ్మ మీదే కదా మౌనం? ఏం చెప్పాలో చెప్పు, నేను వెళ్లి చెప్పొస్తాను" అంది.

ముందు చెప్పులు విప్పించాను. కూర్చోబెట్టి అడిగాను. మీ ఇంట్లో నిశ్శబ్దంగా ఉంటే ఎవరో ఎవరి మీదో కోపంగా ఉన్నట్టట. అప్పుడు ఇది వంటగదికీ హాలుకీ మధ్య గడప దగ్గర కూర్చుంటుందట, అక్కడైతే ఇద్దరికీ దగ్గరట. "నాన్నకి చెప్పు, భోజనం పెట్టానని", "అమ్మకి చెప్పు, నాకు ఆకలి లేదని", ఇవీ ఇది మోసే కబుర్లు. ఆలస్యం చేస్తే కోపం పెరుగుతుంది కాబట్టి పరిగెత్తాలి. గబగబా చెప్పేయాలి, లేకపోతే మధ్యలో మాట మరిచిపోతుంది. ఇక్కడ గడప దగ్గర కూర్చుంటే సరిపోదు కదా, నువ్వు దూరంగా ఉన్నావు, అందుకని చెప్పుల దగ్గర కూర్చుంది. నలభై నిమిషాలూ అది ధ్యానంలో లేదు అమ్మడూ, డ్యూటీలో ఉంది.

మొదటిరోజు "ఎవరి మీద?" అని అడిగింది చూడు, నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది. ఊపిరి మీద అన్నాను తెలివితక్కువగా. పాపం, ఊపిరి మీద ఎందుకు అలగాలో తెలీక అలా చూసి ఉంటుంది.

పిల్లకి కుదురు లేదని ఊరూవాడా తిరిగి నేర్చుకొచ్చావు. బొంగరం దానంతటది తిరగదే. తాడు ఎవరి చేతుల్లో ఉందో చూసుకోండి, ఇద్దరూ.

పెద్దదాన్ని కాబట్టి చెప్పాను.

మీ పిన్ని

&nbsp;

మే 21

పిన్నిగారికి,

మీ ఉత్తరం అందింది. మా ఇంటి విషయాలు మేం చూసుకుంటాం.

జూన్ తొమ్మిదిన ఉదయం బండికి వచ్చి పిల్లని తీసుకెళ్తాను. బట్టలు సర్ది ఉంచగలరు. పళ్ల సెట్టు విడిగా పంపిస్తున్నాను.

ఇట్లు

&nbsp;

జూన్ 2

ఏమే,

పిన్నిగారని ఎవరికో ఉత్తరం వచ్చింది. అలాంటివాళ్లు ఈ ఇంట్లో ఎవరూ లేరని పోస్టుమేన్‌తో చెప్పబోయి, దస్తూరీ చూసి తీసుకున్నాను.

పళ్లు వచ్చాయి. అద్దంలో చూసుకుంటే మీ అమ్మలా ఉన్నాను. ఆపిల్ కొరికాను, టకటక లేదు. కోపంలో చేసినా పని మాత్రం చెడగొట్టలేదు నువ్వు.

పన్నెండు రోజులైంది నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. పోస్టుమేన్ పదకొండింటికి మలుపు తిరుగుతాడు, పది నలభైకే పిల్ల గేటు దగ్గర ఉంటుంది. నాలుగోరోజున మళ్లీ చెప్పులు తొడుక్కుంది. "అమ్మ నీ మీద మౌనమా?" అని అడిగింది. కాదు, టపా ఆలస్యం అన్నాను. అబద్ధం చెప్పాను, అదీ అలవాటైన గొంతుతో.

అందుకని నువ్వు వద్దన్నా గంట దింపాను. తిడితే తిట్టు, కనీసం ఉత్తరం వస్తుంది.

దాని చేతికి సుత్తి ఇచ్చి అడిగాను, గంట కొట్టగానే స్టేషన్లో అంతమంది ఎందుకు ఊరుకుంటారో చెప్పు అని. అందరికీ ఒకేసారి కోపం వచ్చి కాదుగా. ఆలోచించింది. "ఏదో చెప్తారని" అంది. అదే మరి. అలిగిన మౌనం ఒకటి ఉంది, దాంట్లో మాట లోపలికి పోతుంది. ఇది వేరే. దీంట్లో మాట బయల్దేరింది, దారిలో ఉంది, వస్తోంది. నువ్వు పరిగెత్తి తేనక్కర్లేదు, కూర్చుంటే అదే వస్తుంది.

"మూడు లెక్కపెడితే తప్పకుండా వస్తుందా?" అంది. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కసారీ తప్పలేదన్నాను. ఒకసారి ఎక్కిళ్లు పట్టుకుని తొమ్మిది దాకా పోయింది, అదీ చెప్పాను.

అప్పట్నుంచి ఆరున్నరకి కిటికీ దగ్గర కూర్చుంటున్నాం. కళ్లు మూసుకోమని అనడం మానేశాను. గంట కొడుతుంది, ఊరుకుంటుంది, వింటుంది. ఎదురింటి కుట్టుమిషను ఆగిందని, ఆవిడ దారం తెగి ఉంటుందని నిన్న తనే చెప్పింది. పైన నీళ్లతొట్టి నిండిన చప్పుడు నాకంటే ముందు పట్టుకుంటోంది. ఐదు నిమిషాలు, ఒక్కోరోజు ఏడు. ముఖం తేటగానే ఉంటోంది, నీ తరగతివాళ్ల బొమ్మల్లో ఎలా ఉందో నాకు తెలీదు. నేను మాత్రం మధ్యలో రెండుసార్లు నిద్రపోయాను.

ఇంకో మాట, ఇది నీకు ఎవరూ చెప్పి ఉండరు. మా అమ్మ, అంటే మీ అమ్మమ్మ, ఒకసారి మా నాన్నతో పదకొండు రోజులు మాట్లాడలేదు. గొడుగు పోగొట్టాడని. మీ అమ్మా నేనూ ఆ గదికీ ఈ గదికీ తిరిగి చచ్చాం. మీ అమ్మ పెద్దది కాబట్టి ముఖ్యమైన కబుర్లు మోసేది, నాకు చిల్లరవి. రైల్వే ఉద్యోగం ఇంటర్వ్యూలో స్పష్టంగా మాట్లాడటం ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని అడిగితే, ఇంట్లోనేనండీ అన్నాను. నాకు ఆ ఉద్యోగం ఊరికే రాలేదే అమ్మడూ.

అందుకే తాడు మాట అనేశాను. తాడు మీ ఇద్దరి చేతుల్లోనే ఉన్నట్టు అన్నాను, అది తప్పు. ఆ తాడు మా అమ్మ చేతిలోంచి వచ్చింది. నేనూ అలిగాను కదా, నాకూ వాటా ఉంది. మనసులో పెట్టుకోకు.

తొమ్మిదిన వస్తావుగా. గంట కొట్టాను. మూడు లెక్కపెడుతున్నాను.

మీ పిన్ని

&nbsp;

జూన్ 13

పిన్నీ,

తొమ్మిదిన నీ గుమ్మంలో రాయిలా నిలబడ్డాను. చెప్పాలనుకున్నది ఒక్కటీ నోట్లోంచి రాలేదు. బండికి పట్టుమని గంట కూడా లేదు, నువ్వేమో కొత్త పళ్లతో నవ్వుతూ పెట్టె అందించావు. అందుకని ఇప్పుడు రాస్తున్నా. వరసగా చెప్తాను, చివరికి ఎగరకు.

నీకు ఆ ఇట్లు ఉత్తరం పోస్టు చేసిన మర్నాడు ల్యాబ్‌లో ఊరికే నా పళ్ల అచ్చు నేనే తీసుకున్నాను. పిండిముద్ద నోట్లో పెట్టుకుని, గట్టిపడేదాకా కూర్చుని, సుద్ద పోసి చూశాను. ఎవరు పళ్లు కొరుకుతారో మాకు అచ్చు చూస్తేనే తెలిసిపోతుంది, దవడపళ్ల కొనలు బల్లలా చదునవుతాయి. అలాంటివి చూసినప్పుడల్లా ఈ మనిషితో ఎవరు కాపురం చేస్తున్నారోనని మేం నవ్వుకుంటాం. నావి బల్లలా ఉన్నాయి పిన్నీ.

ఇంటికి తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాను. ఆయన వచ్చారు, అటూ ఇటూ తిప్పి చూశారు. "ఏ మెషీనుదిది, పళ్లచక్రం ఇంతలా అరిగింది?" అన్నారు. పదిహేను రోజుల్లో అదే మొదటి మాట. నాదే అన్నాను. ఆయన వెళ్లి డ్రిల్లు తెచ్చుకుని కర్టెన్ కడ్డీ బిగించారు. వంకరగా బిగించారు. వంకరగా ఉందని అన్నాను. నోటితో అన్నాను, ఆయనతోనే అన్నాను. అమ్మమ్మ పదకొండు రోజుల లెక్క నేను దాటేశానని నీ ఉత్తరం వచ్చాక తెలిసి ఇద్దరం నవ్వుకున్నాం, కాస్త సిగ్గుపడి కూడా. నీకు అప్పుడే రాసి ఉండాల్సింది. రాయడానికి ముఖం చెల్లలేదు.

ఇంక నిన్నటి సంగతి.

పెద్ద టీచరుగారి గదిలో బల్ల మీద అద్దం, దాని కింద ఏవో పాత ఫొటోలు. పైన ఫ్యాను కిర్రుమంటోంది. దీనికి కాళ్లు నేలకి అందని కుర్చీ ఇచ్చారు. ఆ కాళ్లు ఊగడం మొదలుపెడితే ఇంక ఆగవు, నాకు తెలుసు. ఆవిడ రిజిస్టరు తెరిచి, కలం మూత తీసి, సెలవుల్లో ఏం చేశావు అని అడిగారు.

ఎప్పుడూ ప్రశ్న మధ్యలో దూరిపోయే పిల్ల, నోరు మూసుకుని కూర్చుంది. నా నాలుక చివర జవాబు రెడీగా ఉంది, మా పిన్ని దగ్గరికి వెళ్లిందండీ అని. దాని బదులు నేనే చెప్పేయడం నాకు అలవాటు. అప్పుడు బల్ల కింద దాని చెయ్యి కనిపించింది. వేళ్లు ముడుస్తోంది. ఒకటి, రెండు, మూడు. "మా అమ్మమ్మ దగ్గర గంట కొట్టాను" అంది. ఒక్కొక్క మాటా విడివిడిగా వినిపించింది. నేను నా నాలుక కొరుక్కున్నాను.

ఇంకా ఏవేవో అడిగారు, అన్నిటికీ వేళ్లు ముడిచి ముడిచి చెప్పింది. చివరికి కలం పట్టుకుని, పెన్సిల్ పెట్టె ఎందుకు విసిరావు అన్నారు.

మూడు అయిపోయింది. నాలుగు, ఐదు. నేను కూడా లెక్కపెడుతున్నాను. ఆవిడ నా వైపు చూశారు. నేను అద్దం కింది ఫొటోల వైపు చూశాను. ఏడో ఎనిమిదో అయ్యాక ఇది కుర్చీలో నిటారుగా జరిగి, అచ్చం నీ గొంతుతో, "పక్క బెంచీ అమ్మాయికి కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. నేను భయపడిందీ, నీకు రాసిందీ అదే కదా. పెద్ద టీచరుగారు కలం కింద పెట్టి, కిటికీ వైపు తిరిగారు. భుజాలు కదులుతున్నాయి. కాసేపటికి తిరిగేసరికి కళ్లు తుడుచుకుంటున్నారు. ఇది మాత్రం నవ్వలేదు. మళ్లీ వేళ్లు ముడిచి, ఈసారి తన సొంత గొంతుతో చెప్పింది. "వాళ్లు నవ్వితే కోపం వచ్చింది. కోపం వస్తే ఎవరు వెళ్లి చెప్తారు? అందుకని విసిరాను. ఇప్పుడైతే నేనే చెప్తాను."

మూడో తరగతి పిన్నీ. రిజిస్టరులో నా కళ్లముందే రాశారు. గుమ్మందాకా వచ్చి, ఆ గంట ఎక్కడ దొరుకుతుందమ్మా, మా క్లాసులకి కావాలి అని అడిగారు. అది దొరకదండీ, ముప్పై ఒక్క ఏళ్లు పడుతుంది అన్నాను.

బయటికి వచ్చాక నాకు మాట రాలేదు. సంతోషమే, ఇంకేం కాదు. గేటు దాటాం, చెప్పులు కుట్టే కొట్టు దాటాం, మలుపు తిరిగాం, నేను ఒక్కముక్క మాట్లాడలేదు. అది పక్కనే నడుస్తూ నా ముఖంలోకి చూడటం మొదలుపెట్టింది. ముందుకి వెళ్తుంది, చూస్తుంది, వెనక్కి వస్తుంది. కాళ్లు తిరగడం మొదలుపెట్టాయి.

"ఎవరి మీద అమ్మా?" అంది.

రోడ్డు పక్కన ఆగిపోయాను. "ఎవరి మీదా కాదు. మాట వస్తోంది, అంతే" అన్నాను.

అది నా చెయ్యి పట్టుకుని, నా వేళ్లు ఒక్కొక్కటీ ముడిచింది. ఒకటి, రెండు, మూడు. నాకు మూడు చాలలేదు పిన్నీ. ఆ చేతి వేళ్లు అయిపోయి, రెండో చెయ్యి కూడా అయిపోయింది. బొంగరం ఎక్కడికీ పరిగెత్తలేదు. నా రెండు పిడికిళ్లూ పట్టుకుని అక్కడే నిలబడింది, నేను మాట్లాడేదాకా.

నీ అక్క కూతురు